తీగ పొడవు మోటారుకు చేటు

ఎండలు ముదిరి మల్బరీ తోటలకు తడి ఆపలేని రోజుల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో ఒకటే మాట: కరెంటుంది కానీ మోటారు లాగడం లేదు. ఎందుకని అడిగితే రచ్చబండ దగ్గర రెండు జవాబులు దొరుకుతాయి. అల్యూమినియం తీగ నాసిరకం, రాగి వేసి ఉంటే ఈ గోల ఉండేది కాదని ఒకటి. ఎండకు తీగ కాగి కరెంటును మింగేస్తోందని రెండోది. రెండింట్లోనూ కొంత నిజం లేకపోలేదు. అయినా అసలు దోషం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా పొలాల మీదుగా సాగదీసిన 415 వోల్టుల ఎల్‌టీ లైను పొడవుదే.

రాగి సంగతి ముందు చూద్దాం. లోహంలో కరెంటును మోసేవి స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. మోసేవి ఎక్కువుంటే నిరోధం తక్కువుండాలని ఎవరికైనా తోస్తుంది. ఘన సెంటీమీటరు రాగిలో ఇవి సుమారు 85 కోట్ల కోట్ల కోట్లు. అల్యూమినియంలో 180 కోట్ల కోట్ల కోట్లు, అంటే రెట్టింపు పైమాటే. అయినా అదే కొలత తీగ తీసుకుంటే అల్యూమినియం నిరోధమే రాగి కంటే 1.6 రెట్లు ఎక్కువ. అందులో ఎలక్ట్రాన్ ఒకసారి ఢీకొన్నాక మళ్లీ ఢీకొనేలోపు దొరికే వ్యవధి రాగిలో దొరికేదాంట్లో సుమారు మూడో వంతే కావడం దీనికి కారణం. మోసేవి ఎన్ని ఉన్నాయన్నదొక్కటే చాలదు, అవి ఎంత అడ్డు లేకుండా కదులుతాయన్నదీ లెక్కే. ఆ లోటును తీగ లావు పెంచి పూడ్చుకోవచ్చు. అలా పూడ్చినా అల్యూమినియం బరువు రాగిలో సగమే ఉంటుంది, దొంగల కన్నూ దానిమీద అంతగా పడదు. కాబట్టి తీగ జాతిని తిట్టి లాభం లేదు.

ఎండ మాటా అంతే. 30 డిగ్రీలున్న తీగ 60కి చేరితే ఎలక్ట్రాన్ల సంఖ్య మారదు. పరమాణువుల కంపనం హెచ్చి దారికి అడ్డం పడుతుంది, నిరోధం 11, 12 శాతం పెరుగుతుంది. ఎండ చేసే నష్టం ఆ పన్నెండు శాతం. అదే లైను పొడవు మూడింతలైతే నిరోధమూ మూడింతలవుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద కొత్త బోర్లు వేలాడదీస్తూ పోయిన చోట జరిగింది ఇదే. పైగా వోల్టేజీ తగ్గిన మోటారు అదే నీటిని తోడడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. దాంతో లైనులో వోల్టేజీ ఇంకా పడుతుంది, చివరికి వైండింగ్ కాలుతుంది.

మందు కొత్తదేమీ కాదు. 11 కేవీ లైనునే బోర్ల దాకా తీసుకెళ్లి, రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. 415 వోల్టుల బదులు 11,000 వోల్టులతో పంపితే అదే విద్యుత్తుకు కరెంటు 26 రెట్లు తగ్గుతుంది. నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అదే తీగలో సుమారు 700 రెట్లు తగ్గుతుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువైతే లోడు లేనప్పుడూ అవి కొంత కరెంటు తింటాయన్న ఇంజినీర్ల అభ్యంతరం సరైనదే. కానీ వ్యవసాయ ఫీడర్లను వేరుచేసి పగలు తొమ్మిది గంటలే సరఫరా ఇచ్చే చోట మిగతా గంటల్లో ఆ తిండి ఉండదు. ఖర్చు మాటేమిటంటే, ఇప్పుడూ ఖర్చవుతూనే ఉంది. తీగలో వేడిగా పోయే కరెంటు ఖర్చు పంపిణీ సంస్థ డిస్కంది, రీవైండింగ్ ఖర్చు రైతుది.

రైతుల తప్పు లేదా అంటే, ఉంది. ఉచిత విద్యుత్తు షరతుల్లో ఉన్న కెపాసిటర్‌ను బిగించనివారూ, పాడైతే పీకి పారేసేవారూ కనిపిస్తారు. అది బిగించి పవర్ ఫ్యాక్టర్‌ను 0.7 నుంచి 0.9కి చేరిస్తే కరెంటు 22 శాతం, లైను నష్టం 40 శాతం తగ్గుతాయి. ఇంత చవగ్గా దొరికే లాభం మరోటి లేదు. కానీ కెపాసిటర్ తీగ పొడవును తగ్గించదు. ఎల్‌టీ వోల్టేజీ 6 శాతానికి మించి పడకూడదన్నది నిబంధన; 415లో అది సుమారు 390. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ కింద చివరి స్తంభం దగ్గర వోల్టేజీ కొలిచి, ఆ పట్టికను డిస్కం సబ్‌స్టేషన్ గోడకు అంటించాలి. 390 దాటని లైన్లకే ముందుగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఇవ్వాలి.