నిప్పును ఆపిన గాలి

పిల్లలూ! కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపముక్కను చేత్తో పట్టుకోమంటే మీరు పట్టుకుంటారా? పట్టుకోరు. కాని, 1,200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల కొలిమిలోంచి తీసిన ఒక తెల్లని దిమ్మను, అది లోపల ఇంకా కణకణలాడుతూ ఉండగానే, కొద్ది క్షణాలు ఆగి, మూలల దగ్గర ఉత్త వేళ్ళతో పట్టుకొని పైకెత్తవచ్చు. వేళ్ళు కాలవు! ఇది గారడీ కాదు. అమెరికాలో చాలామంది ఎదుట చేసి చూపిన పని. అయితే తెలిసినవాళ్ళు చేసేదే కాని, మనం ఇంట్లో చేసేది కాదు సుమా!

ఆ దిమ్మను దేనితో చేశారో తెలుసా? సిలికాతో. మన ఇసుకలోనూ, పలుగురాతిలోనూ ఉండే పదార్థమే అది. మరి ఎండాకాలంలో ఇసుకమీద అడుగు పెడితే చురుక్కుమంటుందే! అదే సిలికాకు ఈ గుణం ఎలా వచ్చింది?

ముందు మన పరుపు సంగతి చూద్దాం. పాత పరుపులో దూది అణిగి గట్టిపడిపోతుంది. దూది ఏకేవాడు వచ్చి దాన్ని ఏకితే బుస్సున పొంగుతుంది. దూది బరువు ఒక్క తులమైనా పెరగలేదు. అయినా ఆ దూదితో కుట్టిన బొంత చలికాలంలో మునుపటికంటే వెచ్చగా ఉంటుంది. కొత్తగా చేరినదేమిటి? గాలి! పోగుల మధ్య చిక్కుకొని కదలకుండా ఉన్న గాలి తనగుండా వేడిని సులభంగా పోనివ్వదు. అందుకే గాలి అధమ ఉష్ణవాహకం అని మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది.

దూదికి ఒక లోపం ఉంది. నిప్పు తగిలితే కాలిపోతుంది. సిలికా కాలదు. సుమారు 1,700 డిగ్రీల వరకు కరగదు. కాబట్టి శాస్త్రజ్ఞులు సిలికానే తల వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నని పోగులుగా తీశారు. ఆ పోగులను నీళ్ళలో కలిపి, అచ్చుల్లో పోసి, నీరు తీసివేసి, కొలిమిలో కాల్చారు. కాలేసరికి పోగులు ఒకదానినొకటి తాకినచోట అతుక్కున్నాయి. అలా తయారైన దిమ్మలో నూటికి 94 పాళ్ళు గాలే! ఒక లీటరు నీరు కిలో తూగుతుంది గదా. అంతే పరిమాణంగల ఈ దిమ్మ 144 గ్రాములే తూగుతుంది. ఒకవిధంగా ఇది రాతితో చేసిన దూది అన్నమాట.

ఇక వేళ్ళు ఎందుకు కాలవో చూడండి. దీపావళినాడు కాకరపువ్వొత్తి రవ్వ చేతిమీద పడితే చురుక్కుమని ఊరుకుంటుంది. రవ్వ వేడి ఎక్కువే కాని, అందులోని పదార్థం రవ్వంతే. కాబట్టి అది ఇవ్వగలిగిన వేడీ కొంచెమే. దిమ్మ మూలలో ఉన్న పదార్థం కూడా అలాగే కొంచెం. అది ఇట్టే చల్లారిపోతుంది. లోపలి వేడి పోగునుంచి పోగుకు, గాలి గదులను దాటుకుంటూ పైకి రావడానికి చాలాసేపు పడుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటారా? సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం గమనించారా? గాలిని బలంగా నొక్కితే వేడెక్కుతుంది. వ్యోమనౌక ఆకాశంనుంచి తిరిగి వచ్చేటప్పుడు గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి చొరబడుతుంది. ఎదురుగా ఉన్న గాలి నలిగి నిప్పులా మండిపోతుంది. అమెరికావారు 1981లో మొదటిసారి ఎగరవేసిన స్పేస్ షటిల్ ఒళ్ళు అల్యూమినియంతో చేసినది. అది 660 డిగ్రీలకే కరిగిపోతుంది. అందుకని మన పెంకుటింటికి పెంకులు కప్పినట్టు, దానికి వేలకొద్ది సిలికా పెంకులు అంటించారు. అల్యూమినియం వేడికి సాగుతుంది, సిలికా దాదాపు సాగదు. పెంకు పగలకుండా రెంటికీ మధ్య మెత్తని గుడ్డవంటి పొర వేశారు.

రెక్కల ముందు అంచున మాత్రం వేడి మరీ ఎక్కువ. అక్కడ సిలికా చాలదు కనుక కార్బన్ పలకలు పెట్టారు. 2003 జనవరి 16న కొలంబియా అనే షటిల్ పైకి లేస్తుండగా, ఇంధనపు తొట్టినుంచి ఊడిన నురగముక్క ఒకటి ఎడమ రెక్క అంచు పలకకు తగిలి చిల్లు పడింది. ఫిబ్రవరి 1న తిరిగి వచ్చేటప్పుడు ఆ చిల్లులోంచి మండుతున్న గాలి రెక్కలోకి దూరింది. నౌక ముక్కలైపోయింది. మన కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు. కప్పు ఎంత గొప్పదైనా, ఎక్కడా చిల్లు లేనంతవరకే అది కాపాడుతుంది.

షటిళ్ళు 2011లో ఎగరడం మానేశాయి. కాని ఆ విద్య పోలేదు. 2007 జనవరిలో మన శ్రీహరికోటనుంచి పంపిన ఒక చిన్న నౌక పన్నెండు రోజులు భూమి చుట్టూ తిరిగి, క్షేమంగా బంగాళాఖాతంలో దిగింది. దాని ఒంటిమీద కూడా సిలికా పెంకులు ఉన్నాయి.

ఈ పెంకులకు వేడికంటే నీరు పెద్ద శత్రువు. షటిల్ ప్రతి ప్రయాణం తరువాతా, పెంకులు నీరు పీల్చకుండా సూదితో మందు ఎక్కించేవారు. నీటికీ దీనికీ ఏం సంబంధమో మీరే పరీక్ష చేసి చూడండి. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకోండి. ఒకదానికి పొడి దూది, రెండోదానికి తడిపి పిండిన దూది చుట్టండి. అమ్మచేతనో నాన్నచేతనో రెండింటిలోనూ సమానంగా వేడినీళ్ళు పోయించండి. పావుగంట తరువాత ఏ గ్లాసులో నీళ్ళు వెచ్చగా ఉన్నాయో చూడండి. తడిదూది గ్లాసు తొందరగా చల్లారుతుంది. తడి ఆరుతూ కొంత వేడిని తీసుకుపోవడం ఒక కారణం. రెండో కారణం నేను చెప్పను. పోగుల మధ్య గాలి ఉన్నచోటికి ఇప్పుడు ఏం వచ్చి చేరిందో ఆలోచించండి, మీకే తెలుస్తుంది.