వేలంలో ఎవరి పేరు పలుకుతుంది?

ఐపీఎల్ వేలం దగ్గరపడిందంటే గుంటూరు బ్రాడీపేట టీ కొట్ల నుంచి ఒంగోలు బస్టాండు దాకా ఒకటే చర్చ. మనవాళ్లలో ఎవరిని తీసుకుంటారు, ఏ జట్టు తీసుకుంటుంది, ఎంత పెడుతుంది? టీవీల్లో ఉత్తుత్తి వేలాలు జరుగుతాయి, యూట్యూబులో జాబితాలు పుట్టుకొస్తాయి. అసలు వేలం అయిపోయాక ఆ జోస్యాల్లో ఎన్ని ఫలించాయో లెక్క చూసే నాథుడు ఉండడు. చూసి తీరాలి. ఎందుకంటే వాటిని నమ్ముకుని ఈ జిల్లాల్లో పిల్లలు చదువు పక్కన పెడుతున్నారు, తల్లిదండ్రులు అప్పులు చేస్తున్నారు.

గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ కథే తీసుకోండి. 2022 జనవరి, ఫిబ్రవరిల్లో వెస్టిండీస్‌లో అండర్-19 ప్రపంచకప్. రషీద్ భారత జట్టుకు వైస్ కెప్టెన్. మధ్యలో కరోనా సోకి రెండు మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. తేరుకుని సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద బ్యాట్ పట్టాడు. 37 పరుగులకే రెండు వికెట్లు పోయిన స్థితిలో కెప్టెన్ యశ్ ధుల్‌తో కలిసి 204 పరుగులు జోడించాడు. ధుల్ 110, రషీద్ 94. ఫైనల్లో ఇంగ్లండ్‌పై మరో 50. కప్పు గెలిచిన వారానికే బెంగళూరులో ఐపీఎల్ మెగా వేలం. ఏ జట్టు అయినా ఎగరేసుకుపోవాల్సిన కుర్రాడే కదా?

ఆ వేలంలో రషీద్ పేరే లేదు. పంతొమ్మిదేళ్లు నిండని ఆటగాడు కనీసం ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచో, లిస్ట్-ఎ మ్యాచో ఆడి ఉండాలన్నది బోర్డు నిబంధన. అంతకుముందు ఏడాది కరోనాతో రంజీ ట్రోఫీ మొత్తంగా రద్దయింది. ఫస్ట్‌క్లాస్ ఆడే అవకాశమే లేనివాడు ఎక్కడ ఆడతాడు? ప్రపంచకప్ గెలిచిన ఆ జట్టులో ఇలా వేలానికి దూరమైన కుర్రాళ్లు మరికొందరు ఉన్నారు. అటువైపు 204 పరుగుల భాగస్వామి యశ్ ధుల్‌కు అప్పటికే పంతొమ్మిది నిండాయి. ఢిల్లీ అతన్ని 50 లక్షలకు తీసుకుంది. ఆల్‌రౌండర్ రాజ్ బవాకు పంజాబ్ 2 కోట్లు పెట్టింది. పుట్టినతేదీలో తేడా ఇంత పని చేసింది. జోస్యం చెప్పేవాడు స్ట్రైక్‌రేటు కన్నా ముందు చూడాల్సింది పుట్టినతేదీ. మన విశ్లేషకులలో ఎంతమంది ఆ నిబంధనను చదివి మాట్లాడుతున్నారు?

అదే ఫిబ్రవరిలో రషీద్ ఆంధ్రా తరఫున రంజీల్లో అడుగుపెట్టాడు. డిసెంబరులో కొచ్చిలో జరిగిన వేలంలో చెన్నై సూపర్‌కింగ్స్ అతన్ని కనీస ధర 20 లక్షలకు తీసుకుంది. గుంటూరులో స్వీట్లు పంచుకున్నారు. అక్కడి నుంచి రెండు సీజన్లు, 2023, 2024, ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. 2024 నవంబరులో రంజీల్లో హైదరాబాద్ మీద డబుల్ సెంచరీ కొట్టాడు. అదే నెలలో జెడ్డాలో జరిగిన మెగా వేలంలో మళ్లీ చెన్నైయే తీసుకుంది, మళ్లీ కనీస ధరకే. కాకపోతే ఈసారి అది 30 లక్షలు. 2025 ఏప్రిల్ 14న లక్నోలో ఎట్టకేలకు ఓపెనర్‌గా దిగి 19 బంతుల్లో 27 పరుగులు చేశాడు. వరుస ఓటములతో కుదేలైన చెన్నై ఆ రోజు గెలిచింది. నవంబరు వచ్చేసరికి ఆ జట్టు అతన్ని వదిలేసింది. డిసెంబరు 16న అబుధాబిలో అదే చెన్నై, భారత జట్టుకు ఎన్నడూ ఆడని ఇద్దరు కుర్రాళ్ల మీద, ప్రశాంత్ వీర్, కార్తీక్ శర్మల మీద, చెరో 14 కోట్ల 20 లక్షలు కుమ్మరించింది.

ఇందులో రషీద్ తప్పేమీ లేదు. అతను నిలదొక్కుకుని, నేల మీద బంతిని నడిపించి, సందులు వెతికి ఆడే బ్యాట్స్‌మన్. నాలుగు రోజుల ఆటకు పుట్టిన చేయి. చెన్నైకి అప్పుడు కావలసింది వేరు. ప్రశాంత్ వీర్ ఎడమచేతి స్పిన్ వేసి, కింది వరుసలో బంతిని స్టాండ్స్‌లోకి పంపుతాడు. కార్తీక్ శర్మ వికెట్ కీపర్, పైగా సిక్సర్లు బాదుతాడు. రవీంద్ర జడేజా వెళ్లిపోయి, ధోనీ చివరి అంకంలో ఉన్న జట్టుకు ఆ రెండు ఖాళీలే అన్నిటికన్నా పెద్దవి. అంటే వేలంలో కొనేది కుర్రాడి ప్రతిభ ఒక్కదాన్నే కాదు, జట్టులో ఖాళీగా ఉన్న చోటును కూడా. ఏ జట్టుకు ఏ చోటు ఖాళీ ఉందో, చేతిలో ఎంత డబ్బు మిగిలిందో, ఇంకా ఎంతమందిని తీసుకోవాలో చూడకుండా రంజీ పరుగుల పట్టిక పట్టుకుని పేర్లు చెబితే గురి తప్పక ఏమవుతుంది?

దీనికి ఐపీఎల్ తొలి ఏడాదే సాక్ష్యం. 2008లో అండర్-19 కుర్రాళ్లను వేలం వేయలేదు. డ్రాఫ్ట్ పద్ధతిలో, జట్లు వంతులవారీగా ఎంచుకున్నాయి. తొలి వంతు ఢిల్లీది. సొంత ఊరి కుర్రాడు, అప్పుడే ప్రపంచకప్ గెలిచి వచ్చిన కెప్టెన్ విరాట్ కోహ్లీ ఎదురుగా ఉన్నాడు. ఢిల్లీ ఎడమచేతి ఫాస్ట్ బౌలర్ ప్రదీప్ సాంగ్వాన్‌ను పిలిచింది. బ్యాట్స్‌మెన్ దండిగా ఉన్నారు, బౌలర్ కావాలనుకుంది. కోహ్లీ బెంగళూరుకు వెళ్లాడు. ఆ తర్వాత సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. అయినా ఆ రోజు ఢిల్లీ లెక్క మరీ తెలివితక్కువది అనడానికి మనసొప్పదు. అవసరాన్ని చూసి ఎంచుకుంది, అంతే.

ఈ వంతుల పద్ధతిని ఆస్ట్రేలియా వాళ్లు తమ ఫుట్‌బాల్‌లో 1986 నుంచి నడుపుతున్నారు. కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే ఆట అది. ఇప్పుడు అందులో పద్దెనిమిది క్లబ్బులు. ముందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్బుకు తొలి వంతు. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను ఏడాది పొడవునా రాష్ట్రాల పోటీల్లో చూస్తారు. ఆపైన ఒకచోట చేర్చి ఇరవై మీటర్ల పరుగు, రెండు కిలోమీటర్ల పరుగు, ఎగురుడు అన్నీ కొలుస్తారు. అక్కడి పత్రికల్లో ఎవరి వంతుకు ఎవరు అంటూ ఊహాజాబితాలు అచ్చవుతాయి. మొదటి నాలుగైదు పేర్లు చాలాసార్లు సరిపోతాయి. కిందికి వెళ్లేకొద్దీ చెదిరిపోతాయి. 2001లో తొలి మూడు పేర్లు లూక్ హాడ్జ్, లూక్ బాల్, క్రిస్ జడ్. ముగ్గురూ పెద్ద ఆటగాళ్లే అయ్యారు. అదే ఏడాది 58వ వంతుదాకా ఎవరూ పట్టించుకోని డేన్ స్వాన్ పదేళ్ల తర్వాత ఆ లీగ్ అత్యుత్తమ ఆటగాడి పతకం, బ్రౌన్‌లో, గెలుచుకున్నాడు. 1990లో జేమ్స్ హర్డ్‌ది 79వ వంతు. అతనూ ఆ పతకం అందుకున్నాడు. ఇన్ని కొలతలు తీసి, ఇన్ని మ్యాచ్‌లు చూసి కూడా అక్కడ అంత గురి తప్పుతుంటే, మూడు నిమిషాల వీడియో చూసి ఇక్కడ ఇచ్చే తీర్పు విలువెంత?

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీ విప్పించి, లోపలికంటా చేయి పెట్టి నాలుగు కాయలు తీస్తాడు. ఒకటి విరిచి తేమ చూస్తాడు, రంగు చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు, ఆపైన రేటు చెబుతాడు. అతను వెల కట్టేది ఈ రోజున్న సరుక్కి. క్రికెట్ వేలంలో కట్టేది మూడేళ్ల తర్వాత ఉండబోయే సరుక్కి, అదీ చాలాసార్లు టిక్కీ విప్పకుండానే.

విప్పి చూసినవాళ్లు లాభపడ్డారనడానికి మన రాష్ట్రమే నిదర్శనం. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. బోర్డు అవార్డు కూడా ఇచ్చింది. స్కోరు పుస్తకంలో అంత స్పష్టంగా ఉన్నా, 2023 సీజన్‌కు సన్‌రైజర్స్ అతన్ని తీసుకున్నది కనీస ధర 20 లక్షలకే. 2024లో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114. ఆలోపే సన్‌రైజర్స్ అతన్ని 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. అమ్మాయిల్లో కడప జిల్లా శ్రీచరణి ఉంది. 2024 డిసెంబరులో మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో ఢిల్లీ ఆమెకు 55 లక్షలు పెట్టినప్పుడు రాష్ట్రం దాటితే ఆ పేరు విన్నవాళ్లు తక్కువ. ఏడాది తిరక్కుండానే ప్రపంచకప్ గెలిచిన జట్టులో 14 వికెట్లు తీసింది. తర్వాతి వేలంలో అదే ఢిల్లీ ఆమె కోసం కోటీ 30 లక్షలు పెట్టాల్సి వచ్చింది.

జెడ్డా వేలంలో 577 మంది పేర్లుంటే అమ్ముడైనవాళ్లు 182 మంది. రషీద్‌తోపాటు కాకినాడ పేసర్ సత్యనారాయణ రాజును ముంబై, టెక్కలి కుర్రాడు త్రిపురాన విజయ్‌ను ఢిల్లీ, విశాఖ బ్యాట్స్‌మన్ పైల అవినాశ్‌ను పంజాబ్ తీసుకున్నాయి. అందరికీ 30 లక్షలే. వీళ్లలో ముగ్గురు ఉత్తరకోస్తా, గోదావరి వైపు వాళ్లు. 2022లో మొదలైన ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌కు విశాఖే కేంద్రం. స్కౌట్లు అక్కడికి వస్తారు, మ్యాచ్‌లు టీవీలో కనబడతాయి. కంటికి కనబడినవాడి పేరే జాబితాకు ఎక్కుతుంది. అద్దంకి, పర్చూరు, మార్టూరు, నరసరావుపేట వైపు పిల్లల సంగతేమిటి? పత్తి తీతలు అయ్యాక చదును చేసిన బీడులో, జూనియర్ కాలేజీ మైదానంలో చాప వికెట్ మీద ఆడే పిల్లవాడు జిల్లా సెలక్షన్‌కు వచ్చేసరికే పదిహేను దాటుతాయి. టర్ఫ్ వికెట్ మీద బంతి నేలను తాకాక ఎలా కదులుతుందో అప్పుడే మొదటిసారి చూస్తాడు. రెండు నెట్ సెషన్లు, పది బంతులు. అక్కడితో అతని గురించి వ్యవస్థకు తెలిసేది అయిపోతుంది. అండర్-16కు వయసు నిర్ధారణకు ఎముకల ఎక్స్‌రే తీస్తారు గానీ, ఆ పిల్లవాడు ఊళ్లో మూడేళ్లుగా ఎన్ని పరుగులు చేశాడో చెప్పే కాగితం ఎక్కడా ఉండదు.

ఎంపికలో తప్పు జరిగితే గుంటూరుకు ఎంత నొప్పి కలుగుతుందో 2019లో చూశాం. సెలక్షన్ కమిటీ ఛైర్మన్ ఎంఎస్కే ప్రసాద్ ఈ ఊరివాడే. ప్రపంచకప్ జట్టులో చోటు దక్కని అంబటి రాయుడూ ఇక్కడే పుట్టాడు. ఏడాదిపాటు నాలుగో స్థానానికి సిద్ధం చేసిన బ్యాట్స్‌మన్‌ను కాదని, బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడంటూ విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. శంకర్ గాయపడితే మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. రాయుడు ఆ జూలైలోనే రిటైర్మెంట్ ప్రకటించి, కొన్నాళ్లకు వెనక్కి తీసుకున్నాడు. వందలాది మ్యాచ్‌ల వీడియోలు చేతిలో ఉన్న కమిటీ తీసుకున్న నిర్ణయం మీదే ఇంతకాలం వాదన నడుస్తోంది. ఏ వీడియో లేని పిల్లవాడి తరఫున వాదించేవాడెవరు?

రషీద్‌ను ప్రాక్టీసుకు తిప్పడానికి అతని తండ్రి ఉద్యోగం పోగొట్టుకున్న సంగతి అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అందరూ దాన్ని స్ఫూర్తి కథగా చదివారు. అది స్ఫూర్తి కన్నా హెచ్చరికగా చదవాల్సిన కథ. అంత త్యాగం చేసి, ప్రపంచకప్ ఆడి, రంజీల్లో డబుల్ సెంచరీ కొట్టిన కుర్రాడికి వచ్చింది రెండుసార్లూ కనీస ధర, చివరికి విడుదల. మిర్చి ధరలు పడిపోయి కుదేలైన రైతు తన పిల్లవాడి విషయంలో అదే పందెం కాయాలని చెప్పే హక్కు ఏ విశ్లేషకుడికీ లేదు. కోచింగ్ అకాడమీల బోర్డుల మీద ఐపీఎల్ బొమ్మ వేసి ఫీజులు వసూలు చేసేవాళ్లకు అసలే లేదు. పిల్లవాడికి వేలం కన్నా ముందు రంజీ ఉంది, అండర్-23 ఉంది. మ్యాచ్ ఫీజు మీద బతకగలిగే క్రికెట్ ఇప్పుడు ఉంది. ఇంట్లో చెప్పాల్సిన లెక్క అది.

ఇక రాష్ట్ర క్రికెట్ సంఘం చేయగలిగింది పెద్ద ఖర్చు పనేమీ కాదు. జిల్లా స్థాయి అండర్-16, అండర్-19 మ్యాచ్‌ల స్కోరుకార్డులన్నీ ఆ రాత్రికే అందరికీ అందుబాటులో పెట్టాలి. సైట్‌స్క్రీన్ వెనక ఒక కెమెరా నిలబెట్టి ప్రతి బంతినీ రికార్డు చేసి భద్రపరచాలి. ఆస్ట్రేలియాలో ఊహాజాబితా రాసే విలేకరి చేతిలో ఉన్నది అదే, క్లబ్బుల స్కౌట్ల చేతిలో ఉన్నదీ అదే. మంగళగిరిలో, మూలపాడులో మైదానాలు సిద్ధంగా ఉన్నాయి. వచ్చే సీజన్‌కు అక్కడ మొదలుపెట్టి, ఆపై ఏడాదికి ఒంగోలుకు, నరసరావుపేటకు కెమెరా పంపవచ్చు.