గర్భిణులు - ఔషధముల మోతాదు

గర్భిణికి మందీయవలసివచ్చినపుడు మన యిండ్లలో రెండు విధములైన పొరపాట్లు జరుగుచున్నవి. మందనిన బిడ్డకు కీడని తలచి పెద్దలు దానిని మాన్పించుట యొకటి. మునుపటి మోతాదే యిపుడును సరిపోవునని యూరకుండుట రెండవది. మొదటిదానిని గూర్చి హెచ్చరించువారు కలరు. రెండవదానిని గూర్చి చెప్పువా రరుదు.

గర్భధారణముతో శరీరము నడవడియే మాఱును. రక్తములోని ద్రవభాగము నూటికి 40 మొదలు 50 వంతులవఱకు పెరుగును. అందుచే మందు పలుచనగును. మూత్రపిండములు రక్తమును వడగట్టు వేగము దాదాపు సగము హెచ్చును. మూత్రముతో పోవు మందులు శీఘ్రముగా పోవును. కాలేయములో మందులను విఱిచివేయు ఎంజైములు కొన్ని చుఱుకెక్కును, కొన్ని మందగించును. కాఫీలోని కెఫీనును విఱుచు ఎంజైము మందగించునది గావున, నెలలు నిండినకొలది యొక గిన్నెడు కాఫీ ప్రభావము మునుపటికంటె చాలసేపు నిలుచును. కాబట్టి గర్భిణికి మందు తగ్గింపవలెననిగాని పెంపవలెననిగాని యొకే సూత్రము చెప్ప వీలులేదు. ఒక్కొక్క మందునకు ఒక్కొక్క లెక్క.

ఇది పుస్తకములలోని ముచ్చట మాత్రమే కాదు. థైరాయిడ్ లోపమునకు లెవోథైరాక్సిన్ వాడు స్త్రీలలో పెక్కుమందికి గర్భము నిలిచిన తొలి వారములనుండియే మోతాదు పెంపవలసివచ్చును. నూటికి 30 మొదలు 50 వంతు లధికము కావలసివచ్చుటయు కలదు. మూర్ఛవ్యాధికిచ్చు లామోట్రిజిన్ సంగతి యింతకంటె తీవ్రము. కాలేయము దానిని త్వరగా మార్చి వెలికి పంపుటచే రక్తములో దాని పరిమాణము సగమునకును దిగజాఱవచ్చును. తప్పక మందు మ్రింగుచున్న స్త్రీకి మరల మూర్ఛ వచ్చినచో, ఆమె మందు మానెనని యింటివారు నిందింతురు. దోష మామెది కాదు. మాఱిన శరీరమునకు మాఱని మోతాదు నిచ్చుటలో నున్నది. ప్రసవమైన కొలది వారములలో శరీరము పూర్వస్థితికి వచ్చును. పెంచిన మోతాదును అపుడు తగ్గింపకున్న నదియే విషమగును.

ఇట్టి లెక్కలు అనేకౌషధముల విషయమున నేటికిని ఏల కొఱవడినవి? 1957లో జర్మనీలో అమ్మకమునకు వచ్చిన థాలిడోమైడ్ వలన పదివేలకు పైగా శిశువులు అవయవలోపములతో జన్మించిరి. 1961లో నచట దానిని ఉపసంహరించిరి. ఆ భయముచే 1977లో అమెరికా ఔషధాధికారులు గర్భము దాల్చు వయసులోని స్త్రీలను తొలిదశ పరీక్షలనుండి తొలగింపుమనిరి. 1993లో గాని యా కట్టడి సడలలేదు. తగినట్లు పరీక్షింపకుండుటచే వచ్చిన యనర్థమునకు పరీక్షలనే మానుట విరుగుడైనది! మన దేశమున 2019 నాటి నిబంధనలును, మందు గర్భిణుల కొఱకో పాలిచ్చు తల్లుల కొఱకో వారి శిశువుల కొఱకో యుద్దేశింపబడి, యితర స్త్రీలనుండి లభించు వివరములు చాలనపుడే వారిని పరీక్షలలో చేర్చుకొనుమనుచున్నవి. ఫలితమేమి? పరీక్షాలయములో వైద్యుల కన్నులయెదుట జరుగవలసిన పరీక్ష, ఇంటింట లెక్కపత్రము లేక జరుగుచున్నది.

దీనికి మార్గము లేకపోలేదు. తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ మూర్ఛవ్యాధిగల గర్భిణుల వివరములను 1998నుండి పట్టికగా వ్రాయించినది. అట్టి పట్టికలు మన పెద్ద ఆసుపత్రులలోను వెలయవలయును. రక్తములో మందు పరిమాణమును కొలుచు సౌకర్యము జిల్లా కేంద్రములకు రావలయును. 2016నుండి ప్రతి నెల 9వ తేదీని గర్భిణులకు జరుగుచున్న ఉచిత పరీక్షలలో, ఆమె యిదివఱకే వాడుచున్న మందు లేవియని యడిగి, మోతాదును సరిచూచుట నియమము కావలయును.

గృహస్థుల విధియు స్వల్పము కాదు. కొన్ని మందులు శిశువునకు హానికరములనుట నిజమే; వానిని మార్చుటకు గర్భధారణమునకు ముందే వైద్యునితో నాలోచింపవలెను గాని, తామై మాన్పరాదు. గర్భమని తెలిసిన దినముననే మందుల చీటితో వైద్యుని కడకు పోవలెను. ప్రసవానంతరము మరల పోవలెను. తల్లి యారోగ్యమే శిశువునకు మొదటి రక్షణము.