మన కడుపులోంచి ఏం తీశారో మనకు తెలియొద్దా?

మా బడిలో ఆరో తరగతి పిల్ల వారం రోజులుగా రావడంలేదు. ఏమైందోనని వాడకెళ్లాను. పిల్ల పొయ్యి ముందుంది. తల్లి మంచంలో ఉంది. ఆమెకు ముప్పై రెండేళ్లు.

"తెల్లబట్టవుతుందని పోతే గర్భసంచి పాడైంది, ఉంచితే కేన్సరొచ్చుద్దన్నారక్కా. అప్పు చేసి తీయించుకున్నా" అంది. ఆస్పత్రి కాగితం నా చేతికిచ్చి "ఏం రాశారో చూడక్కా" అంది.

కాగితం ఇంగ్లీషులో ఉంది. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశామని ఉంది. ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఆ చదువుతో చేసిన పనులన్నిటిలోకీ ఆ కాగితం తెలుగులో చదివి చెప్పడమే నాకు కష్టమైంది.

అండాశయాలంటే ఏమిటి? గర్భసంచికి చెరోపక్కన బాదంకాయంత ఉండే గ్రంథులు. ఆడపిల్ల పుట్టేనాటికే వాటిలో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. పెద్దమనిషయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జన్మ మొత్తంలో విడుదలయ్యేవి 400, 500 మాత్రమే. పిల్లలు పుట్టగానే వాటి పని అయిపోయిందనుకోవడం పొరపాటు. అక్కడ తయారయ్యే ఈస్ట్రోజన్ ఎముకల్ని గట్టిగా ఉంచుతుంది. చిన్న వయసులో రెండూ తీసేస్తే ఒక్కసారిగా ముట్లుడుగుతాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు. అండాశయాలుంచి గర్భసంచి ఒక్కటే తీసినా కొందరిలో అవి కొన్నేళ్లు ముందుగానే పనిమానేస్తాయి. ఒళ్లే పెట్టుబడిగా బతికే కూలిమనిషి రేపు నాట్లకెలా వంగాలి? మిరప కోతకెలా పోవాలి?

ఈ సంగతులు శాస్త్రానికి తెలియనివి కావు. ఒక్క అండం ఎట్లా పెరుగుతుంది, ఎందుకు నశిస్తుంది అని శాస్త్రవేత్తలు దేశదేశాల నుంచి వచ్చి వర్క్‌షాపుల్లో రోజుల తరబడి చర్చిస్తారు. ఇంగ్లండులో 1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయీ బ్రౌన్ పుట్టింది అలాంటి పరిశోధన వల్లే. డబ్బున్నవాళ్లు ఇవాళ అండాల్ని గడ్డకట్టించి దాచుకుంటున్నారు. దాచుకోనివ్వండి. పిల్లల్లేని బాధ మనకూ తెలుసు. మా ప్రశ్న ఒక్కటే. అక్కడ ఒక్క అండాన్ని కాపాడే శాస్త్రం మన వాడకొచ్చేసరికి కత్తిగా మాత్రమే ఎందుకొస్తోంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. తెలంగాణలో ఎనిమిది మంది. ఆంధ్రలో తొమ్మిది మందికి దగ్గర. మన ఆడవాళ్ల గర్భసంచులే అంత చెడ్డవా?

అవసరమైన ఆపరేషన్ వద్దనడంలేదు. కేన్సరుంటే, మందులకు లొంగని రక్తస్రావముంటే చేయాల్సిందే. కానీ తెల్లబట్ట చాలాసార్లు మాత్రలతో నయమయ్యే ఇన్ఫెక్షన్. పరీక్ష చేయకుండా కేన్సరని భయపెట్టడం వైద్యం కాదు, వ్యాపారం.

2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల కేసులో తీర్పిచ్చింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలకు చెప్పింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మన జిల్లాలో ఆ కమిటీ ఉందా? ఎన్నిసార్లు కూర్చుంది? సంఘం నాయకులు కలెక్టరాఫీసుకెళ్లి ఈ లెక్క అడగాలి.

అక్కలారా, చెల్లెలారా! వేలిముద్ర వేసేముందు నాలుగు మాటలడగండి. ఏ జబ్బు? ఏ పరీక్షలో తేలింది? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? ఇంకో డాక్టరుకు, వీలైతే సర్కారు ఆస్పత్రిలో, చూపించండి. కాగితం తెలుగులో రాసిమ్మనండి.

1928లోనే బాబాసాహెబ్ బొంబాయి శాసనమండలిలో కూలి తల్లుల ప్రసూతి బిల్లును సమర్థించి మాట్లాడారు. ఆడకూలీ ఒంటి బాధ ఆమె ఒక్కదానిది కాదనే ఆ పోరాటం. వాడలో చదువుకున్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఈ పని మొదలుపెట్టాలి. కాగితం ఆపరేషన్ తర్వాత కాదు, ముందే చదివి వినిపించాలి.