ఆ గోడ గోడే కాదట!

తలుపు తీసి చూస్తే గోడ మీద టీవీ లేదు. భోజనాల బల్ల పక్కనున్న సీటు మీద బోర్లా పడి ఉంది. వెనకున్న ఇనప స్టాండు కూడా గోడలోంచి ఊడి దాంతోపాటే వచ్చేసింది. నాలుగు స్క్రూలు పైకి లేచి ఉన్నాయి, వాటికి ఇంకా చిరిగిన చెక్కపేళ్లు వేలాడుతున్నాయి.

సరిగ్గా ఆ సీటు మీదే మా అమ్మ పడుకుంటానంది.

పొద్దున డాలస్‌లో బయల్దేరేటప్పుడే అడిగింది. "నడుం నొప్పిరా, కారులో అన్ని గంటలు కూర్చోలేను. వెనకాల ఇల్లు ఖాళీగానే వస్తోందిగా, అందులో కాళ్లు చాపుకుని పడుకుంటా" అని. కదులుతున్న ట్రైలర్‌లో మనుషులు ఉండకూడదని టెక్సస్‌లో చట్టం ఉందమ్మా అని ఆపాను. నిజం చెప్పొద్దూ, అప్పుడు నా భయమంతా పోలీసులు వేసే ఫైన్ గురించే. టీవీ సంగతి నా బుర్రలోకే రాలేదు.

ట్రావెల్ ట్రైలర్ అంటే తెలియని వాళ్లకి ఒక్క ముక్క. ఇంజన్ ఉండదు. మంచాలు, వంటగట్టు, బాత్రూం ఉన్న చిన్న ఇల్లు. పికప్ ట్రక్కు వెనకాల తగిలించుకుని లాక్కెళ్లడమే. మాది సెకండ్ హ్యాండ్‌ది. అమ్మానాన్న ఆరు నెలలకి వచ్చారు కదా, పాలో డ్యూరో కాన్యన్ చూపిద్దామని అక్టోబర్‌లో బయల్దేరాం. 287 హైవే పట్టుకుని అమరిల్లో వైపు. చివర్లో కాన్యన్ లోపలికి దిగే రోడ్డు బాగా ఏటవాలు, 10 శాతం. టీవీ ఎక్కడ ఊడిందో తెలీదు గానీ, నా అనుమానం ఆ దిగుడు మీదే.

తప్పెవరిదంటే నాదే. మా ఇంటి హాల్లో టీవీ బిగించిన అనుభవంతో అదే రకం స్టాండు కొన్నా. అవే ప్లాస్టిక్ ప్లగ్గులు, అవే స్క్రూలు. బిగించాక చేత్తో లాగి చూస్తే కదల్లేదు. ఇంకేం, సూపర్ అనుకున్నా.

నాన్న వచ్చి ఊడిన చోట వేలు పెట్టి చూశారు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో 30 ఏళ్లు పనిచేశారు. అమెరికా వచ్చాక ఆయన కళ్లలో వెలుగు చూసింది అదే మొదటిసారి.

"ఒరేయ్, నువ్వు గోడకి బిగించలేదురా. అట్టపెట్టెకి బిగించావు" అన్నారు.

నిజంగానే అంతే. ట్రైలర్ లోపలి గోడ పైకి చెక్కలా కనిపిస్తుంది గానీ మందం దాదాపు 3 మిల్లీమీటర్లు. దాని వెనక డొల్లో, ఫోమో ఉంటుంది. అక్కడక్కడా నిలువు కర్రలు, కొన్నిట్లో అల్యూమినియం చట్రం. బరువు మోసేది అవే. ప్లగ్గు పట్టుకోవాలంటే మందం కావాలి కదా, 3 మిల్లీమీటర్లలో అది దేన్ని పట్టుకుంటుంది? కుదుపు కుదుపుకీ బెజ్జం కాస్త కాస్త సాగుతుంది. ఒక గంటకి స్క్రూ వదులు, ఇంకో గంటకి సీటు మీద టీవీ.

దీనికి తోడు నేను కొన్నది బయటికి చాచే చెయ్యి ఉన్న స్టాండు. మంచం వైపు తిప్పుకోవచ్చు, వంటగది వైపు తిప్పుకోవచ్చని ముచ్చటపడ్డా. 32 అంగుళాల టీవీ నాలుగైదు కిలోలే. కానీ నీళ్ల బిందెని చెయ్యి చాచి పట్టుకుని ఆటోలో కూర్చోండి, స్పీడ్ బ్రేకర్లు వస్తే తెలుస్తుంది. చెయ్యి ఎంత చాస్తే పై స్క్రూల్ని అంత బయటికి లాగుతుంది. ఇంట్లో వాడే స్టాండుకి ఆ చెయ్యి కదలకుండా పట్టి ఉంచే లాక్ కూడా ఉండదు. బండి మలుపు తిరిగినప్పుడల్లా టీవీ తలుపులా ఊగుతూనే ఉంటుంది. ట్రైలర్ల కోసమే చేసిన స్టాండ్లకి లాక్ ఉంటుంది. దానికో తాడు వేలాడుతుంది, లాగితేనే చెయ్యి కదులుతుంది. ధర కొంచెం ఎక్కువని నేను వదిలేసింది అదే. ఏం చెప్పమంటారు!

మర్నాడు కాన్యన్ చూడ్డం మానేసి నాన్నా నేనూ పనిలో పడ్డాం. (అమ్మ ఇప్పటికీ తిడుతుంది.) అమరిల్లోలో హార్డ్‌వేర్ షాపుకెళ్లి కొత్త స్టాండు, బోల్టులు, ప్లైవుడ్ తెచ్చాం. పుచ్చకాయ పండిందో లేదో చూసినట్టు నాన్న గోడంతా వేలితో కొట్టుకుంటూ వెళ్లారు. డొల్ల శబ్దం మారిన చోట పెన్సిల్ గీత. నేను ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి గోడ మీద జరిపా, కర్రలకి కొట్టిన పిన్నుల దగ్గర అది అతుక్కుంది. రెండూ ఒకేచోట చూపిస్తే అక్కడ కర్ర ఉన్నట్టే.

మా టీవీ ఉన్నది లోపలి అడ్డగోడ మీద. అవతలి వైపు మా పాప పడుకునే బంక్. అందుకే నాన్న ప్లాన్ ఇలా వేశారు. గోడకి రెండు వైపులా అర అంగుళం ప్లైవుడ్ పలకలు, రెండు నిలువు కర్రల్నీ అందుకునేంత వెడల్పువి. ముందు పలకల్ని కర్రలకి బిగించి, స్టాండుకి మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి బోల్టులు. మరీ బలంగా తిప్పితే డొల్ల గోడ నొక్కుకుపోతుందని నన్ను స్పానర్ ముట్టుకోనివ్వలేదు. పాప వైపు గుండ్రటి తలల బోల్టులు వేశారు, నిద్రలో చెయ్యి తగిలినా గీసుకోవు. టీవీ వైపు నైలాక్ నట్లు. వాటి లోపల నైలాన్ రింగు ఉంటుంది, కుదుపులకి నట్టు తనంతట తాను తిరగదు.

బయటి గోడ అయితే ఈ పద్ధతి కుదరదు, బోల్టు బయటికి పొడుచుకొస్తుంది, వాన నీళ్లు లోపలికొస్తాయి. కొన్ని ట్రైలర్లలో టీవీ కోసమని గోడ లోపల ముందే ఒక పలక పెట్టి ఉంచుతారు. అది ఎక్కడుందో మాన్యువల్‌లో చూడండి, అక్కడే పొట్టి స్క్రూలు వేయండి. ఏ గోడైనా సరే, కరెంటు తీసేసి, వైర్లూ పైపులూ ఎటు వెళ్తున్నాయో చూసుకున్నాకే డ్రిల్లు పట్టుకోవాలి.

టీవీ వెనక నాలుగు బెజ్జాలుంటాయి కదా, వాటి మధ్య దూరానికి వీసా అని లెక్క ఉంది. 75, 100, 200 మిల్లీమీటర్లు ఇలా. పాస్‌పోర్ట్ వీసా కాదులెండి! స్టాండు కొనేముందు స్కేలు పెట్టి కొలుచుకోండి. స్క్రూ అవసరమైన దానికన్నా పొడుగైతే లోపల గుచ్చుకుని టీవీనే పోతుంది. వైర్లు కూడా చెయ్యి పూర్తిగా చాచినా లాక్కుపోనంత వదులుగా ఉండాలి.

ఇప్పుడు బయల్దేరే ముందు చెయ్యి మడుస్తా, లాక్ పడిన టక్ శబ్దం వింటా, టీవీ చుట్టూ ఒక బెల్టు బిగిస్తా. రోడ్డు బాగోదని తెలిస్తే టీవీ తీసేసి, దుప్పట్లో చుట్టి మంచం మీద పెట్టడమే.

నాన్న చివర్లో ఒక పని చేశారు. పాప నెయిల్ పాలిష్ అడిగి తీసుకుని, ఒక్కో నట్టు మీంచి బోల్టు మీదకి ఎర్రగీత గీశారు. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనిపిస్తుందట. లారీలకి పెయింటుతో గీసేవారట. "తాతయ్యా, నా గోళ్లకి కూడా" అని పాప చెయ్యి చాపితే, బుద్ధిగా కూర్చుని పది గోళ్లకీ వేశారు.

ఆయన విజయవాడ వెళ్లిపోయి నాలుగు నెలలైంది. మేం ట్రైలర్ తీసిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఒకటే మెసేజ్: "గీత ఫొటో పెట్టు."