అరుగు మీది తమ్ముడు

సాయంకాలపు నమాజు ముగిసి వీధి దీపాలు వెలిగే వేళకు మన కళాశాల ద్వారానికి తాళం పడుతుంది. సరిగా ఆ వేళకే చుట్టుపక్కల గల్లీలలో అరుగులు నిండుతాయి. మన ఉర్దూ మిత్రులు చబుత్రా అని పిలిచే ఆ అరుగుల మీద పదిహేను, పదహారు, పదిహేడేళ్ల పిల్లలు గుమిగూడి కూర్చుంటారు. వారిలో ఒకడు పదవ తరగతి తప్పినవాడు, ఒకడు మెకానిక్ దుకాణంలో పని నేర్చుకుంటున్నవాడు, మరొకడు బడికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి వెళ్లనివాడు. దారిన పోయే పెద్దలు వారిని చూసి, చెడిపోయారని ఒక్క మాట అని సాగిపోతారు. ఆ ఒక్క మాట ఎంత ప్రమాదకరమైనదో విద్యార్థి మిత్రులకూ, కళాశాల కార్యవర్గ పెద్దలకూ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాల నేరస్థుడు అనగానే మన మనసులో మెదిలేది దిక్కూ మొక్కూ లేని వీధి బాలుని రూపం. వాస్తవం వేరు. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించే లెక్కలను పరిశీలించినట్లయితే, చట్టంతో ఘర్షణ పడిన పిల్లలలో అత్యధికులు తల్లిదండ్రుల వద్దనే నివసిస్తున్నవారని తెలుస్తుంది. 2022లో దేశం మొత్తం మీద పిల్లలు నిందితులుగా నమోదైన కేసులు 30,555. పట్టుబడినవారిలో నాలుగింట మూడు వంతుల కంటె ఎక్కువమంది 16 నుండి 18 ఏళ్ల లోపువారు. అనగా ఇంటర్మీడియెట్ తరగతి గదిలో మన పక్క బల్లపై కూర్చోవలసిన వయసు వారిది. వారు ఎక్కడి నుండో ఊడిపడినవారు కారు. మన ఇళ్లలో అన్నం తిని, మన గల్లీలలో పెరిగిన తమ్ముళ్లు.

వీరిని దారికి తెచ్చే ఉపాయం ఏమని అడిగితే, భయపెట్టడమేనని పలువురి సమాధానం. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను అందుకు తోడు తెచ్చుకుంటారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు రాహ్‌వే కారాగారంలో 1970లలో ఈ ఉపాయాన్నే ప్రయోగించారు. దారి తప్పుతున్న పిల్లలను జైలుకు తీసుకుపోయి, యావజ్జీవ ఖైదీల చేత కేకలు వేయించి, జైలు జీవితపు భీభత్సాన్ని వర్ణింపజేశారు. దానిపై 1978లో తీసిన చిత్రానికి ఆస్కారు బహుమతి కూడా లభించింది. కాని తరువాత ఇటువంటి కార్యక్రమాలపై జరిగిన పరిశీలనలను క్రోడీకరించి చూడగా, జైలు చూసివచ్చిన పిల్లలే చూడనివారి కంటె ఎక్కువగా నేరాలకు పాల్పడినట్లు తేలింది. మొక్కను వంచడమంటే కర్రతో కొట్టడం కాదు, పక్కన ఊతకర్ర పాతి కట్టడం. ఈ భేదాన్ని తోటమాలి ఎరుగును, మనమే మరచిపోయాము.

మన సమీపంలోనూ ఒక ఉదాహరణ కలదు. 2015లో హైదరాబాదు పాతబస్తీలో, రాత్రి పొద్దుపోయేదాకా అరుగుల మీద కాలక్షేపం చేసే యువకులను పోలీసులు తీసుకుపోయి, తల్లిదండ్రులను పిలిపించి హితబోధ చేసే కార్యక్రమాన్ని చబుత్రా పేరుతోనే నడిపారు. అందులోని సదుద్దేశాన్ని కాదనరాదు. తమ కుమారుడు ఎక్కడ తిరుగుతున్నాడో ఆనాడే తెలుసుకున్న తండ్రులు ఉండి ఉంటారు. అయితే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఒకే గదిలో ఆరుగురు నిద్రించే ఇంటి పిల్లవాడు అరుగు దిగి ఎక్కడికి పోవాలి? అరుగును ఖాళీ చేయించడం ఒక రాత్రి పని. అరుగు కంటె మెరుగైన చోటును చూపడం ఏళ్ల తరబడి సాగవలసిన పని. అది పోలీసులు ఒక్కరే చేయగలిగినది కాదు.

భయం పనికిరాకపోతే దయ చాలునా అంటే, అదీ చాలదు. అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలో డాక్టర్ రిచర్డ్ కాబట్ సంకల్పంతో 1939 నుండి 1945 వరకు ఒక గొప్ప ప్రయత్నం జరిగింది. వందలాది బాలురను జతలు జతలుగా ఎంచి, జతలో ఒకనికి మాత్రం సలహాదారును ఏర్పరచి, చదువు చెప్పించి, వైద్యం చేయించి, వేసవి శిబిరాలకు పంపారు. ముప్ఫై ఏళ్ల తరువాత జోన్ మెకార్డ్ అనే పండితురాలు వారి జీవితాలను వెదకి 1978లో ఫలితాలను ప్రకటించినప్పుడు లోకం విస్తుపోయింది. సహాయం పొందినవారు పొందనివారి కంటె మెరుగుపడలేదు. కొన్ని విషయాలలో వెనుకబడ్డారు కూడా. మరింత లోతుగా పరిశీలించగా, పదే పదే శిబిరాలకు పంపబడినవారే ఎక్కువగా నష్టపోయినట్లు కనిపించింది. చిక్కుల్లో ఉన్న పిల్లలను ఒక్కచోట పోగుచేస్తే ఒకరి నుండి ఒకరు నేర్చుకునేది మంచి కాకపోవచ్చునని పండితులు దీనికి కారణం చెప్పారు. అందువల్ల చెడిపోయిన పిల్లల కోసమంటూ ప్రత్యేక శిబిరం పెట్టి, ఫోటో దిగి, పత్రికకు పంపి చేతులు దులుపుకొనే సేవ వలన మేలు కంటె కీడే జరుగవచ్చును.

ఇక కావలసినదేమి? నా అభిప్రాయంలో మూడు. కూర్చునేందుకు ఒక చోటు, చేసేందుకు ఒక పని, నడుమ విడిచిపెట్టని ఒక అన్న. ఈ మూడింటిలోనూ కడపటిదే దుర్లభం. హితవు చెప్పే పెద్దలు ఊరినిండా ఉన్నారు. వచ్చే మంగళవారం కూడా అదే వేళకు వచ్చి, నిన్నటి లెక్క చేశావా తమ్ముడూ అని అడిగే వ్యక్తి లేడు. విద్యార్థులారా, ఆ స్థానానికి మీ కంటె తగినవారు లేరు. అరుగు భాష మీకు తెలుసు. నిన్న మొన్నటిదాకా మీరూ అక్కడ కూర్చున్నవారే. ఆడపిల్లల విషయంలో అక్కలుగా విద్యార్థినులు చేయగల మేలు కూడా తక్కువది కాదు.

మన దేశపు చట్టం కూడా ఈ మార్గాన్నే సూచిస్తున్నది. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారిని పోలీసు లాకప్పులో గాని, జైలులో గాని ఉంచరాదు. 24 గంటలలోగా బాల న్యాయ మండలి ఎదుట హాజరుపరచవలెను. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో ఒకరైనా మహిళ కావలెను. మందలించి ఇంటికి పంపడం, సలహా ఇప్పించడం, సమాజ సేవ చేయించడం వంటి ఉత్తరువులు ఇచ్చే అధికారం దానికి కలదు. అన్నిటి కంటె ముఖ్యమైనది మరొకటి. కేసు ముగిసిన తరువాత నడవడి పత్రం నిమిత్తం ఆ బాలుని పాత నమోదులను పోలీసులు వెల్లడించరాదని 74వ విభాగం శాసిస్తున్నది. పదహారేళ్లు దాటి ఘోర నేరాలకు పాల్పడినవారి విషయంలో వేరు నిబంధనలు ఉన్నా, మిగిలిన పిల్లలందరికీ జీవితాన్ని కొత్తగా ఆరంభించే హక్కు ఉన్నది.

చట్టం మూసిన పుటను విద్యాసంస్థ తిరిగి తెరుస్తున్న సందర్భాలు లేకపోలేదు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేస్తున్న ఒక సంస్థకు ఒక తల్లి కుమారుని వెంటబెట్టుకుని ప్రవేశం కోసం వచ్చింది. ఒక సంవత్సరం చదువు ఎందుకు ఆగిందని అడిగితే దాచలేక నిజం చెప్పింది. కుర్రవాడు స్నేహితులతో కలిసి ఒక మోటారు సైకిలు ఎత్తుకుపోయిన కేసు అది. మండలి ఎదుట ముగిసిపోయింది. సీట్లు నిండినవని ఆమెకు చెప్పి పంపారు. సీట్లు నిండలేదు. ఆనాడు ఆ గదిలో నేనూ ఉన్నాను, మౌనంగా ఉన్నాను. ఆ బాలుడు తరువాత ఏమైనాడో నాకు తెలియదు. తెలియకపోవడమే నా తప్పుకు సాక్ష్యం.

కళాశాల పేరు ప్రతిష్ఠలు దెబ్బతింటాయనీ, ఇతర పిల్లల తల్లిదండ్రులు ఆక్షేపిస్తారనీ పెద్దలు సంకోచించవచ్చును. వారి భయం అకారణమైనది కాదు. వాహనం పోగొట్టుకున్న మనిషి బాధ కూడా బాధే; తప్పును తప్పు కాదని ఎవరూ అనరు. కాని కౌమారంలో చిన్న తప్పులు చేసినవారిలో అధికులు పాతికేళ్లు వచ్చేసరికి ఆ దారిని విడిచిపెడతారని నేరశాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ లోపల చదువూ, ఉపాధీ, మంచి పేరూ మూడూ పోగొట్టుకున్నవాడు విడిచిపెట్టి చేరేదెక్కడికి? అరుగుకే. ఒక అల్పసంఖ్యాక వర్గపు పిల్లల భవిష్యత్తు కోసం స్థాపించుకున్న సంస్థ, ఆ పిల్లలలో అందరి కంటె అవసరంలో ఉన్నవానికే తలుపు మూసినట్లయితే, స్థాపించిన ప్రయోజనం ఎట్లు నెరవేరుతుంది?

కనుక కార్యవర్గానికి మూడు విన్నపాలు. వారానికి ఐదు సాయంత్రాలు, ఆరు నుండి తొమ్మిది గంటల వరకు, క్రీడాస్థలాన్నీ ఒక చదువు గదినీ బస్తీ పిల్లలందరికీ తెరచి ఉంచండి. మంచివారెవరు, చెడ్డవారెవరు అని గేటు వద్ద విభజించకండి. 1969లో గాంధీజీ శతజయంతి వేళ ఆరంభమైన జాతీయ సేవా పథకంలో ప్రతి విద్యార్థీ ఏటా 120 గంటల సేవ చేయవలసి ఉన్నది; ఆ గంటలలో కొన్నిటిని, రెండేళ్లపాటు ఒక్క తమ్ముని సార్వత్రిక పాఠశాల పదవ తరగతి పరీక్షకు సిద్ధం చేయడానికి కేటాయించండి. ప్రవేశ సమయాన ముగిసిన కేసులను గురించి ప్రశ్నించబోమని తీర్మానం చేయండి. వీటిలో మొదటిదానికి నాలుగు విద్యుద్దీపాల ఖర్చు, ఒక కావలివాని జీతం. రెండవదానికి ఖర్చే లేదు. మూడవదానికి కావలసినది ధైర్యం మాత్రమే.

విద్యార్థి మిత్రులారా, తీర్మానం వచ్చేదాకా మీరు ఆగవలసిన పని లేదు. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు అరుగు వద్ద ఒక నిమిషం నిలబడండి. అక్కడ కూర్చున్నవానిని పేరు పెట్టి పిలవండి. రేపు కూడా పిలవండి.