ఎనిమిది కాళ్ళ చీమ

పెద్ద కొడప్‌గల్‌లో ఒక రైతు గట్టుమీది మామిడిచెట్టు చూపి, "సారూ, ఈ ఎర్రచీమలతోని కాయ తెంపరాకుంట అయితున్నది. ఏదన్న మందు రాసియ్యుండ్రి" అన్నాడు. ఆకులు కలిపి గూళ్ళు కట్టే చీమలవి. కరిచి, ఆ గాయములో ఆమ్లము చిమ్మును. కొమ్మ కదపగానే వాటిలో ఒకటి సన్నని దారము విడిచి గాలిలో వ్రేలాడినది. చీమకు దారమెక్కడిది?

అది సాలీడు. వల పన్నక, గెంతి ఎరను పట్టే జాతి. దీనిని శాస్త్రజ్ఞులు చిరకాలము మిర్మారాక్నే ప్లాటాలియాయిడిస్ అని పిలిచినారు. శరీరము చీమవలె నడుమ నొక్కుకొని యుండును. ముందరి రెండు కాళ్ళు పైకెత్తి మీసములవలె ఆడించును. అందుచేత నడిచేటప్పుడు ఆరు కాళ్ళే కనిపించును. మగదాని కోరలు ఎంత పొడవంటే, ఒక చీమ మరొక చీమను మోయుచున్నట్లు తోచును. చీమకాటు ఎరిగిన జంతువులు దీని జోలికి రావు. ఇది మాత్రము నిజమైన చీమలకు దూరముగానే తిరుగును! కుట్టే కందిరీగలలో రెక్కలులేని ఆడవాటిని పోలిన సాలీడు కూడ మన దేశములోను, శ్రీలంకలోను కలదు. అయితే అది గెంతే జాతి కాదు.

ఈ వేషము శత్రువును మోసగించును గాని, పిచికారీని మోసగించలేదు. తప్పు రైతుది కాదు. శత్రు పురుగును చూపినంత శ్రద్ధగా మిత్రజీవిని మేము చూపలేదని నా అభిప్రాయము.

సాలీడు ఒక్కటే మామిడిని కాపాడునని నేననను. కాని నిజాంసాగర్ కింద వరి పండించే రైతులు సుడిదోమ సంగతి ఆలోచించవలెను. అనవసరముగా మందు కొట్టినచో దోమను తినే సాలీళ్ళు ముందు చచ్చును. ఆకుతొడిమలో దాగిన దోమగుడ్లు మిగులును. అవి పొదిగిన పిమ్మట దోమ మునుపటికన్న హెచ్చును. ఇండోనీషియా ప్రభుత్వము ఈ దెబ్బ తిన్న పిదపనే 1986లో 57 రకముల పురుగుమందులను వరిపై నిషేధించినది.

మందు కొనుటకు ముందు చెట్టు కింద తెల్లగుడ్డ పరచి కొమ్మను తట్టి చూడండి. పడినవాటి కాళ్ళు లెక్కించండి. చీమకు ఆరు, సాలీడుకు ఎనిమిది.

ఆ రైతుకు నేను మందు వ్రాయలేదు. చేతులకు బూడిద పూసుకొని కాయ తెంపుమన్నాను. ఆయన సంతోషపడలేదు. వచ్చే వారము మరల పోయి చూడవలసి యున్నది.